స్విస్ పైక్ దళం: బట్టలు, బల్లేలు, జెండాలు

ప్రశ్న (విశాఖపట్నం): పెర్రీ మినియేచర్స్ వాళ్ళ ప్లాస్టిక్ బొమ్మల పెట్టె కొన్నాను, 1450-1500 మధ్య నాటి యూరప్ కిరాయి సైనికులు. నాకేమో 1515లో ఇటలీలో స్విస్‌వాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ జరిగిన మరిన్యానో యుద్ధాన్ని టేబుల్ మీద బొమ్మలతో ఆడాలని ఉంది. వీటినే స్విస్ పైక్ (పొడవాటి బల్లెం) దళంగా వాడొచ్చా? బట్టలు కుదరవని మా ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, కానీ అంతమాత్రాన ఆ పెట్టె పక్కన పెట్టక్కర్లేదు. మనిషి ఒళ్ళు, కాళ్ళు, పైక్ పట్టుకున్న చేతులు అన్నీ పనికొస్తాయి. కాలం తేడా తెలిసిపోయేది మూడు చోట్లే: తల, చొక్కా చేతులు, బూట్లు. 1470ల్లో బూట్ల ముందు భాగం సన్నగా మొనదేలి ఉండేది, 1500 దాటాక వెడల్పుగా, ఆవు మూతిలా మొద్దుగా మారింది. కాబట్టి బూటు మొన కత్తితో కోసేసి, దాని స్థానంలో చిన్న పుట్టీ ఉండ పెట్టి అదిమితే చాలు. ఒక్కో బొమ్మకి రెండు నిమిషాల పని, చూసేవాళ్ళకి మాత్రం కాలం మారిపోయినట్టే ఉంటుంది.

తలల విషయంలో కొంచెం ఓపిక కావాలి. మెడ దాకా కప్పే పాత రకం ఇనుప టోపీలున్న తలలు వెనక వరుసలకి వదిలేయండి. పాత సామాను వాడుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, అది తప్పేం కాదు. ముందు రెండు వరుసలకి మాత్రం ఉత్త తలలు తీసుకుని, పుట్టీని పలుచటి బిళ్ళలా నొక్కి, టోపీలా ఒక పక్కకి వాల్చి అతికించి, అంచుకి అక్కడక్కడ గాట్లు పెట్టండి. ఈక కావాలంటే సన్నటి పుట్టీ తీగ చేసి, చదును చేసి, రెండు వైపులా సూదితో గీతలు గీయండి. చొక్కా చేతులకి మోచేతి పైన పుట్టీ పొర వేసి, అది కొంచెం గట్టిపడ్డాక నిలువుగా గాట్లు పెడితే ఆ కాలపు చీలికల చొక్కా వచ్చేస్తుంది.

పుట్టీ గురించి ఒక మాట. మన దగ్గర హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ బేస్ (బొమ్మ నిలబడే బిళ్ళ) మీద రాళ్ళకి, గుంతలు పూడ్చడానికి భేషుగ్గా పనిచేస్తుంది, కానీ గరుకుగా ఉంటుంది, త్వరగా బిగుసుకుపోతుంది. టోపీలు, ఈకలు, గాట్లలాంటి సన్నపనికి మాత్రం పసుపు-నీలం కలిపే గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ తెప్పించుకోండి, డబ్బు పెట్టాల్సింది అక్కడే. కలిపాక ఓ అరగంట ఆగితే జిగురు తగ్గుతుంది, పనిముట్టు నీళ్ళతో తడుపుతూ ఉంటే అంటుకోదు.

అన్ని బొమ్మలూ మార్చాలని మాత్రం కూర్చోవద్దు. పైక్ దళం టేబుల్ మీద ఒకటే శరీరంలా కనిపించాలి. లోపల నాలుగో వరుసలో నిలబడ్డవాడి బూట్లు ఎవరూ చూడరు. ముందు వరుస, రెండు పక్కలు, జెండా పట్టుకున్నవాడు, డప్పు కొట్టేవాడు, వీళ్ళ మీదే మీ శ్రమంతా పెట్టండి.

ప్రశ్న (గుంటూరు): ప్లాస్టిక్ పైక్‌లు వంగిపోతున్నాయి, ముట్టుకుంటే విరుగుతున్నాయి. కొబ్బరి చీపురు పుల్లలు వాడొచ్చా? పొడవు ఎంత ఉండాలి?

జవాబు: చీపురు పుల్ల చివరికి సన్నబడుతుంది కాబట్టి చూడ్డానికి నిజంగానే బాగుంటుంది, కానీ ఎండాక పుటుక్కున విరుగుతుంది, ఏ రెండు పుల్లలూ ఒకే మందం ఉండవు. స్టీలు తీగ తీసుకోండి. పైక్‌లుగానే అమ్మే 100 మిల్లీమీటర్ల స్టీలు తీగలు ఉన్నాయి, మొన కూడా చేసి వస్తాయి. అసలు పైక్ పొడవు దాదాపు 5 నుంచి 5.5 మీటర్లు. 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మల్ని దాదాపు 1:56 స్కేలు అనుకుంటే, లెక్క 90 నుంచి 98 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. పెట్టెలో వెళ్ళవు, అలమరలో పట్టవు అని చాలామంది పైక్‌లు పొట్టిగా కోసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఆ పొడవే ఈ సైన్యానికి ప్రాణం.

బొమ్మ పిడికిలిని చిన్న చేతి డ్రిల్లుతో తొలిచి, తీగ దూర్చి, ఫెవిక్విక్ చుక్క వేయండి. ముందు వరుసవాళ్ళ పైక్‌లు నేలకి సమాంతరంగా ఉండాలి, వాళ్ళ వెనక వరుసలవి కొంచెం కొంచెంగా పైకి లేవాలి, చివరి వరుసలవి నిటారుగా ఉండాలి. ఈ వాలు అతికించే ముందే అన్ని బొమ్మల్నీ పక్కపక్కన నిలబెట్టి చూసుకోవాలి, లేకపోతే ముందున్నవాడి చెవిలోంచి వెనకవాడి పైక్ దూసుకొస్తుంది. కర్రకి ముదురు గోధుమరంగు వద్దు. పైక్‌లకి యాష్ చెట్టు కర్ర ఎక్కువగా వాడేవాళ్ళు, అది లేత రంగులో ఉంటుంది. మొన కింద కర్రకి అటూ ఇటూ ఇనుప పట్టీలు ఉండేవి, అక్కడ రెండు సన్నటి బూడిదరంగు గీతలు చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మొనలు తప్పకుండా అరగదీయండి, ఈ తీగలు కంట్లో గుచ్చుకోగలవు.

ప్రశ్న (డాలస్): యూనిఫాం రంగులు ఏవి? ఒక్కో కాలు ఒక్కో రంగు, చారలు, చీలికలు చూస్తుంటేనే టెన్షన్ వస్తోంది.

జవాబు: యూనిఫాం లేదు. ఎవరి బట్టలు వాళ్ళవి, ఎవరి స్తోమత వాళ్ళది. స్విస్‌వాళ్ళు తమ గుర్తుగా బట్టల మీద తెల్ల శిలువ కుట్టించుకునేవాళ్ళు, అది మాత్రం వేయండి, భుజం మీదో ఛాతీ మీదో తొడ మీదో.

టెన్షన్ తగ్గాలంటే ఆరే ఆరు రంగులు ఎంచుకోండి: ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు, ముదురాకుపచ్చ. ఒకడికి ఎర్ర చొక్కా, పసుపు కాలు అయితే పక్కవాడికి పసుపు చొక్కా, నీలం కాలు. రంగులు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఎంత రంగురంగుల గుంపైనా ఒకటే దళంలా కుదురుకుంటుంది, ఇరవై రంగులు వాడితే మాత్రం సంతలా ఉంటుంది. చీలికలకి ముందు చొక్కా అంతా ఒకే రంగు వేసి, ముదురు వాష్ (నీళ్ళలా పలుచటి రంగు) పోసి ఆరనివ్వండి. గాట్లలో చీకటి దానంతటదే నిలుస్తుంది. తర్వాత గాటు మధ్యలో లేతరంగు గీత లాగండి, చుట్టూ ఆ చీకటి అంచు మిగలాలి, దూరం నుంచి కంటికి ఆనేది ఆ అంచే. మామూలు క్యామెల్ యాక్రిలిక్ రంగులతో మొదలుపెట్టినా ఫర్వాలేదు, నీళ్ళు కలిపి పలుచగా రెండు పూతలు వేయండి.

ప్రశ్న (కాకినాడ): రంగులకి ముందు వేసే అడుగు పూత, అదే స్ప్రే ప్రైమర్, కొడితే తెల్లటి పొడిలా పడుతోంది. డబ్బా పాడైందా?

జవాబు: వానాకాలంలో కొట్టి ఉంటారు. గాలిలో తేమ ఎక్కువున్న రోజున స్ప్రే పాలిపోతుంది, పొడిలా పడుతుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడుకుంటే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న (విశాఖపట్నం, మొదటి పాఠకుడే): జెండాలు ఏవి పెట్టాలి? స్విస్ రాష్ట్రం బెర్న్‌ది ఎలుగుబంటి జెండా, అది నాకు చాలా ఇష్టం.

జవాబు: మరిన్యానో అయితే బెర్న్ వద్దు. యుద్ధానికి కొద్దిరోజుల ముందు గల్లరాటేలో ఫ్రెంచి రాజు మొదటి ఫ్రాన్స్వాతో ఒప్పందం కుదిరింది, దాన్ని ఒప్పుకుని బెర్న్, ఫ్రీబూర్, జోలోటుర్న్ రాష్ట్రాల సైనికులు ఇంటిదారి పట్టారు. సెప్టెంబర్ 13, 14 తేదీల్లో పోరాడినవాళ్ళలో ఊరీ, ష్విట్జ్, గ్లారుస్ రాష్ట్రాల వాళ్ళు ఉన్నారు. ఊరీ జెండా పసుపు మీద నల్ల ఎద్దు తల, ముక్కుకి ఎర్ర కడియం. ష్విట్జ్‌ది ఎరుపు. ఎలుగుబంటే కావాలంటే 1476 మూర్టెన్ యుద్ధం ఆడండి, బెర్న్ అక్కడ ముందుంది, పైగా మీ పెట్టెలో బొమ్మలకి బూట్లు కూడా మార్చక్కర్లేదు.

జెండాని మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ రాసి, తడిగా ఉండగానే వేళ్ళతో ముడతలు పెట్టండి. ఆరాక కాగితం తెల్ల అంచులకి అదే రంగు పూయడం మర్చిపోవద్దు.