ద్రాస్ స్మారకానికి రోడ్డు దారిన: మీ ప్రశ్నలు, మా జవాబులు

ద్రాస్‌లో ఉన్న కార్గిల్ యుద్ధ స్మారకం చూడటానికి కార్లో వెళ్లాలనుకుంటున్న మాజీ సైనికులు, వాళ్ల పిల్లలు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం.

ప్రశ్న: సియాచిన్‌లో పనిచేసి వచ్చినవాణ్ని. ఇప్పుడు 66 ఏళ్లు, బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున్నే శ్రీనగర్‌లో బయలుదేరి, ద్రాస్ చూసుకుని రాత్రికి తిరిగొచ్చేద్దామంటే పిల్లలు వద్దంటున్నారు. ఎత్తు నాకేమన్నా కొత్తా?

జవాబు: ఈ విషయంలో పిల్లల మాటే వినండి. ఎత్తుకు అలవాటుపడిన ఒళ్లు కిందికి దిగిన కొన్ని వారాలకే ఆ అలవాటు మర్చిపోతుంది. సెలవు మీద ఊరెళ్లి తిరిగొచ్చిన జవాన్‌ని కూడా మళ్లీ మొదటి దశ నుంచి అలవాటు చేశాకే పైకి పంపేవారు కదా! 9,000 నుంచి 12,000 అడుగుల దాకా మొదటి దశ, మొత్తం ఆరు రోజులు. రెండు రోజులు విశ్రాంతి, తర్వాత రెండు రోజులు చదును నేల మీద మెల్లగా నడక, చివరి రెండు రోజులు కాస్త ఎత్తెక్కడం. ద్రాస్ ఎత్తు సుమారు 10,800 అడుగులు. అంటే సరిగ్గా ఆ దశలోనే ఉంది. పాతికేళ్ల కుర్రాడికే ఆరు రోజులు పెట్టిన చోట, అరవై దాటిన మీరు ఆరు గంటల్లో ముగిద్దామంటున్నారు.

ఆరు రోజులు అందరికీ కుదరవు. కనీసం ఇలా పెట్టుకోండి. మొదటి రాత్రి శ్రీనగర్‌లో, ఎత్తు 5,200 అడుగులు. మర్నాడు 80 కిలోమీటర్లు వెళ్లి సోన్‌మార్గ్‌లో ఆగండి. అక్కడ సుమారు 9,000 అడుగులు. వీలుంటే రెండు రాత్రులు ఉండండి. ఆ తర్వాత తెల్లవారుజామున బయలుదేరి 11,575 అడుగుల జోజిలా కనుమ దాటితే, మధ్యలో ట్రాఫిక్ ఎక్కడా ఆపకపోతే మూడు గంటల్లో ద్రాస్. స్మారకం ఊరు దాటాక ఐదారు కిలోమీటర్లలో, తోలోలింగ్ కొండ పాదాల దగ్గర, హైవే పక్కనే కనిపిస్తుంది. చూశాక పడక మాత్రం ద్రాస్‌లో వేయకండి. ఇంకో 60 కిలోమీటర్లు ముందుకెళ్తే కార్గిల్ ఊరు వస్తుంది, ఎత్తు 8,800 అడుగులే. పగలు ఎక్కినా ఫరవాలేదు, రాత్రి దిగి పడుకోవాలి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ద్రాస్‌లో తలనొప్పి, వాంతి, ఆయాసం మొదలైతే కంగారులో బండి శ్రీనగర్ వైపు తిప్పుతారు. అటు వెళ్తే దిగడానికి ముందు జోజిలా ఎక్కాలి. పైగా అక్కడ ట్రాఫిక్ ఆపితే గంటల తరబడి ఆ ఎత్తులోనే ఇరుక్కుంటారు. కార్గిల్ వైపైతే దారంతా దిగుడే, ఆసుపత్రీ ఉంది. తలనొప్పి ఒక్కటే అయితే మాత్ర వేసుకుని కూర్చుని చూడొచ్చు. కూర్చున్నా తగ్గని ఆయాసం, దగ్గుతో నురగ, మాట తికమక, తూలడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఆగొద్దు. అనుమానంగా ఉంటే గీత మీద ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనిస్తూ పదడుగులు నడవమనండి. తూలితే బండెక్కించండి. చిన్న ఆక్సిజన్ డబ్బాలు నిమిషాల్లో అయిపోతాయి, వాటిని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకండి. వేలికి తొడిగే ఆక్సీమీటర్‌లో ద్రాస్‌లో 90కి అటూఇటూ కనిపిస్తే బెదిరిపోనక్కర్లేదు. వేలు చల్లబడి ఉంటే అది తప్పు చూపిస్తుంది, అరచేతులు రుద్దుకుని మళ్లీ చూడండి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి చాలామంది అడిగారు. ఎక్కడానికి ముందురోజు నుంచి 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వేసుకోవడం మామూలు పద్ధతి. అయితే సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీకి నీళ్ల మాత్ర వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. డయామాక్స్, నీళ్ల మాత్ర రెండూ మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, గుండె నీరసంగా ఉన్నవాళ్లు టిక్కెట్లకన్నా ముందు గుండె డాక్టర్ దగ్గరికెళ్లండి. నిద్రమాత్ర, మద్యం రెండూ వద్దు. నిద్రలో ఊపిరి మందగించేది వాటివల్లే. ఇంకొకటి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు దారిలో ఆపాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. గొంతెండి, తల పగిలి, అది ఎత్తు జబ్బో దాహమో తెలీకుండా పోతుంది. గంటన్నరకోసారి ఎలాగూ ఆపి కాళ్లు చాపుకోవాలి కాబట్టి, ఆ విరామాల్లోనే అదీ చూసుకోండి.

ప్రశ్న: విమానంలో లేహ్ వెళ్లి, అక్కణ్నుంచి కార్లో వస్తే సుఖం కదా?

జవాబు: కాదు. విమానం దిగేదే 11,500 అడుగుల్లో. అక్కణ్నుంచి కార్గిల్ రావాలంటే 13,479 అడుగుల ఫోతులా కనుమ ఎక్కి దిగాలి. లేహ్‌లో మూడు నాలుగు రోజులు ఉండగలిగితేనే ఆ దారి.

ప్రశ్న: మాది ఏడేళ్ల డీజిల్ కారు. జోజిలా ఎక్కుతుందా? ఏమేం చూపించుకోవాలి?

జవాబు: ఎక్కుతుంది. టర్బో లేని ఇంజిన్ అయితే వెయ్యి మీటర్ల ఎత్తుకు దాదాపు పది శాతం చొప్పున బలం తగ్గుతుంది. మీ డీజిల్‌కి టర్బో ఉండే ఉంటుంది కాబట్టి అంత తెలియదు. మనం భయపడాల్సింది తిరుగు ప్రయాణంలో సోన్‌మార్గ్ వైపు దిగుడు గురించి. రెండో గేర్‌లోకి మార్చి, ఇంజిన్‌నే బండిని పట్టి ఆపనివ్వండి. బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగితే డిస్కులు కాగి మాడు వాసన వస్తుంది, తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటిందంటే బయలుదేరేముందు మార్పించండి. పాతదానిలో చెమ్మ చేరి త్వరగా మరుగుతుంది, ఆ ఆవిరి బుడగల వల్లే పెడల్ దిగిపోయేది. వాసన వస్తే పక్కకి తీసి అరగంట ఆగండి, వేడి చక్రం మీద నీళ్లు పోయకండి.

రేడియేటర్‌లో కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంట్ ఉండాలి. దారిలో తగ్గిందని ఉత్త నీళ్లు పోస్తూ పోతే రాత్రి చలికి గడ్డకట్టే భయం ఉంది. ఇక టైర్లు. శ్రీనగర్‌లో చల్లగా ఉన్నప్పుడు 33 పెట్టుకుంటే జోజిలా మీద గేజి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపించవచ్చు. బయట గాలి పల్చబడింది, అంతే. చిప్స్ ప్యాకెట్ ఉబ్బినట్టే. ఎక్కువైందని గాలి తీసేస్తే దిగాక టైర్లు మెత్తగా అయిపోతాయి.

పొద్దుటి పూటే దాటమనడానికి కారణం నీళ్లు. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు రోడ్డు మీదికొస్తాయి, మట్టి బురదవుతుంది. జోజిలా మీద బండ్లను ఒక్కో వేళ ఒక్కో వైపే వదులుతుంటారు, ఆ వేళలు మారుతుంటాయి. ముందురోజు సాయంత్రం ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూసుకోండి. ట్యాంకు శ్రీనగర్‌లో నింపుకుని, మళ్లీ కార్గిల్‌లో నింపుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు 1971 యుద్ధంలో పోయారు. ద్రాస్ గోడ మీద ఆయన పేరు ఉంటుందా? అమ్మని తీసుకెళ్దామని.

జవాబు: ఉండదు. అమ్మగారిని అంత దూరం తీసుకెళ్లాక ఇది తెలిస్తే ఆమె తట్టుకోవడం కష్టం. అందుకే ముందే చెప్తున్నాం. ద్రాస్ స్మారకం 1999 ఆపరేషన్ విజయ్‌ది, అంటే కార్గిల్ యుద్ధానిది. మీరు వెళ్లాల్సింది ఢిల్లీలో ఇండియా గేట్ పక్కనున్న జాతీయ యుద్ధ స్మారకానికి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించినప్పుడు స్వాతంత్ర్యం తర్వాత పోరాటాల్లో అసువులు బాసిన 25,942 మంది పేర్లు అక్కడి త్యాగ చక్రలో గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. 1965, 1971, శ్రీలంక శాంతి సేన వాళ్లవీ అక్కడే. ఇండియా గేట్ మీది పేర్లు మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం, 1919 అఫ్గాన్ యుద్ధం నాటివి. ఈ రెండింటినీ కలిపేసుకుని గేటు చుట్టూ వెతికేవాళ్లు ఎంతోమంది.

సర్వీసు నంబరు, ర్యాంకు, రెజిమెంట్, తేదీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. పేరు ఒక్కటే చాలదు. ఒకే పేరుతో పదిమంది ఉంటారు, ఇంటిపేరు పొట్టి అక్షరాల్లోకి మారిపోయి ఉండొచ్చు. అక్కడ రోజూ సాయంత్రం ఒక అమరుడి కుటుంబంవాళ్లు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం జరుగుతుంది. ఎండ తగ్గాక అమ్మగారిని ఆ వేళకే తీసుకెళ్లండి.

ప్రశ్న: ద్రాస్‌లో సెల్యూట్, పతకాలు, పూలు – పద్ధతి ఏమిటి? సివిల్ బట్టల్లోనే వెళ్తాం.

జవాబు: మీ పతకాలు ఎడమ రొమ్మున. పోయినవాళ్ల పతకాలను భార్యో పిల్లలో పెట్టుకుంటే కుడి వైపు. తలమీద టోపీ లేకుండా ఆర్మీ పద్ధతిలో సెల్యూట్ చేయరు. రెజిమెంట్ బెరే టోపీ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే సావధాన్‌లో నిలబడితే అదే గౌరవం.

పూల సంగతి. బంతిపూలు శ్రీనగర్‌లో కొని రెండు రాత్రులు మోసుకొస్తే రెక్కలు రాలతాయి. తప్పక అక్కడే తీసుకుంటే, కాడలకు తడిగుడ్డ చుట్టి, పైన న్యూస్‌పేపర్ కప్పి, కారులో ఎండ పడని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో బిగిస్తే లోపలే ఉడుకుతాయి. పెద్ద పూలచక్రం అక్కర్లేదు, పిడికెడు పూలు చాలు. ప్లాస్టిక్ రిబ్బన్లు తీసేయండి, అక్కడి గాలికి ఎగిరిపోతాయి.

పేర్లు గులాబీరంగు రాతి గోడకు బిగించిన ఇత్తడి పలక మీద ఉంటాయి. ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే ఎండ తళుక్కుమని అక్షరాలు పడవు, ఒక అడుగు పక్కకి జరిగి తీయండి. అక్కడున్న జవాన్లు ఎదురుగా కనిపించే శిఖరాలు చూపిస్తూ యుద్ధం వివరిస్తారు. తోలోలింగ్‌ను 1999 జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్, టైగర్ హిల్‌ను జులై 4న 18 గ్రెనేడియర్స్ గెలిచాయి. తెలుగువాళ్లు తప్పక వెతికే పేరు ఒకటుంది, హైదరాబాద్ నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య. ఆయనదీ 2 రాజ్‌పుతానా రైఫిల్సే. జూన్ 28న నేలకొరిగారు, మహావీర చక్ర ఇచ్చారు. గోడ చూశాక వెనక్కి తిరిగిపోకుండా వీర భూమిలో అమరుల స్మారక రాళ్ల మధ్య కూడా నడవండి. మ్యూజియాన్ని ఆఖర్న పెట్టుకోండి, అక్కడ కూర్చుని ఊపిరి తీసుకోవచ్చు.

ప్రశ్న: కార్గిల్ విజయ దినం జులై 26కే వెళ్తే బాగుంటుందంటున్నారు?

జవాబు: పిలుపు ఉంటే వెళ్లండి. లేకపోతే ఆ రోజుకు అటూఇటూ గదులు దొరకవు, బండి దూరంగా ఆపించేస్తారు, గోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడనివ్వరు. పైగా అది అమర్‌నాథ్ యాత్ర కాలం, బల్తాల్‌కు వెళ్లే బండ్లూ సోన్‌మార్గ్ దారినే పోతాయి. జూన్ మొదట్లోగానీ సెప్టెంబర్‌లోగానీ పెట్టుకోండి. మాకు సెప్టెంబరే ఇష్టం. ఆకాశం తేటగా ఉంటుంది, శిఖరాలన్నీ కనిపిస్తాయి. కానీ పొద్దుట స్వెటర్ మీద ఇంకోటి కావాలి.

ప్రశ్న: ఎడమ కాలు మోకాలి కింద కృత్రిమ కాలు. దారిలో ఏం జాగ్రత్తలు?

జవాబు: గంటల తరబడి కూర్చుంటే మోకాలి కింద మిగిలిన కాలి భాగం పొద్దుట ఒకలా, సాయంత్రం ఒకలా ఉబ్బుతుంది. పలచవీ మందంవీ రెండు రకాల సాక్సులు పెట్టుకుని, వదులైతే ఒకటి కలపండి, బిగుతైతే తీయండి. కృత్రిమ కాలి లోపల వేసుకునే మెత్తటి తొడుగు (లైనర్) చెమటకు తడిస్తే తుడిచి తొడుక్కోండి, తడి మీదే నడిస్తే చర్మం లేస్తుంది. ఆటోమేటిక్ గేర్ లేని బండిలో క్లచ్ మీ ఎడమ కాలి పనే. జోజిలా మీద నడపడం వేరేవాళ్లకి వదిలేయండి.

ప్రశ్న: నాన్న యుద్ధం గురించి ఎప్పుడూ మాట్లాడరు. అక్కడికి తీసుకెళ్తే చెప్తారేమోనని ఆశ. తప్పా?

జవాబు: ఆశ తప్పేం కాదు, అడగడంలోనే జాగ్రత్త. గోడ దగ్గర కెమెరా పట్టుకుని ‘చెప్పు నాన్నా’ అనకండి. నాలుగడుగులు వెనక నిలబడి ఆయన్ని ముందు నడవనివ్వండి. మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి. కార్గిల్‌లో పడుకుంటారు కాబట్టి మర్నాడు తిరుగు దారిలో ఇంకోసారి ఆపండి. చాలామంది ఆ రెండోసారే నోరు విప్పుతారు. రాత్రి నిద్ర పట్టకపోయినా, చెమటలు పట్టి లేచినా పక్కన ఎవరో ఒకరు ఉండాలి. అది రోజుల తరబడి తగ్గకపోతే తిరిగొచ్చాక మానసిక వైద్యుణ్ని కలవండి.

ప్రశ్న: కాగితాలు, ఫోన్?

జవాబు: స్మారకం గేటులో చూపించడానికి ఆధార్‌గానీ మాజీ సైనికుడి కార్డుగానీ అసలుది ఉంచుకోండి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, మందుల చీటీ జేబులోనే ఉండాలి, డిక్కీలో కాదు. హైవే మీద ద్రాస్ దాకా మన పౌరులకు పర్మిట్ అక్కర్లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒకరిదైనా పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకుని బయలుదేరండి.