అమ్మణ్ణికి, ఉద్యోగం మానే ముందు

తిరుపతి,
ఆదివారం

అమ్మణ్ణీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి అరగంట ఏడ్చింది. పెట్టేసే ముందు మాత్రం "అయినా దానికి గుండె ధైర్యం ఎక్కువే అక్కా" అని తనే నవ్వింది. బెంగళూరులో గార్మెంట్సు ఉద్యోగం వదిలేసి, మీరు నలుగురూ కలిసి శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు చేయించి అమ్ముతారంట. నువ్వు పంపిన పద్దెనిమిది పేజీల ప్లాను మొత్తం చదివాను. లాభం ఒక్కటే కొలత కాదు, చేసేవాళ్ల బతుకు ఎట్లుంది, నీళ్లు ఎన్ని పోతున్నాయి, బట్ట ఎన్నేళ్లు నిలుస్తుంది, ఇవీ లెక్కలో ఉండాలని రాశారు. చదువుతుంటే గర్వంగానే ఉండింది. కానీ ఆ పద్దెనిమిది పేజీల్లో "వాన" అనే మాట ఒక్కసారి కూడా లేదు. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తా. చిన్న సంస్థల పేరు సర్కారు దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే లేచి వచ్చెయ్. జీఎస్టీ సంగతి ఆడిటరుకు వదిలెయ్, కానీ ఒకటి గుర్తుపెట్టుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన దుస్తులు ఒక్కోటి 2,500 రూపాయల దాకా అయితే పన్ను 5 శాతం, దాటితే 18 శాతం. 2,500 కుర్తా కొనేవాడికి 2,625 పడుతుంది, 2,600 కుర్తా 3,068 పడుతుంది. ఆ మధ్యలో ధర వేయొద్దు. పెద్ద దుకాణాల వాళ్లు డబ్బు ఆపితే, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదని 2006 చట్టం చెబుతుంది. ఒప్పందం లేకుంటే 15 రోజులే. ఆ మాట బిల్లు మీదే అచ్చు వేయించు.

ఇంకొకటి. మీ లేబుల్ మీద "ఒక టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు" అని రాసి, మా బట్ట అట్ల కాదని గొప్ప చెప్పుకుంటారంట. వద్దు. ఆ అంకెలో ఎక్కువ భాగం పత్తి చేలోదే. మీదీ పత్తి బట్టే కదా! పైగా సహజ రంగంటే నీళ్లు తక్కువని కాదు. గంజి వదలడానికో ఉతుకు, పటిక తర్వాతో ఉతుకు, ఎరుపు ఉడికాక ఇంకో ఉతుకు. నీళ్లు ఎక్కువే పడతాయి, రసాయనాలు తక్కువ పడతాయి. ఉన్నదున్నట్టు చెప్పు.

బట్ట దగ్గరికొస్తాం. ముతక గాడా బట్ట కొనేటప్పుడు మీటరుకు ఏడెనిమిది సెంటీమీటర్లు ఎక్కువ లెక్కేసుకో, కుంచించుకుపోతుంది. పేడనీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఎండలో తెలుపు చేయాలి. లోపల గంజి మిగిలితే ఆ చోట రంగు పట్టదు. తడి ముక్క మీద అయోడిన్ చుక్క వేసి చూడు, నీలం తిరిగితే గంజి ఇంకా ఉన్నట్టే. కరక్కాయ పొడి బట్ట బరువులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా. దానికి గేదెపాలు కలిపి తడపాలి. పాలల్లో కొవ్వు చాలకపోతే కలం గీత దారాల వెంట పాకుతుంది. ఎక్కువైతే బట్ట అట్టకట్టి కంపు కొడుతుంది.

నలుపు గురించి మీ ప్లానులో లేని విషయం ఒకటుంది. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో ఇరవై రోజుల దాకా పులిస్తే వచ్చే ఆ ఇనుప నీళ్లు కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడతాయి. పనివాళ్లు తొందరలో చిక్కటి నీళ్లు వాడితే ఆ రోజు గీత నిగనిగలాడుతుంది. పదేళ్లకు అదే గీత వెంబడి బట్ట చిరుగుతుంది, ఎందుకంటే ఎక్కువైన ఇనుము నూలును తినేస్తుంది. పాత కలంకారీ గుడ్డల్లో బొమ్మలన్నీ నిలిచి నల్ల గీత మాత్రం ఊడిపోయి ఉండేది ఇందుకే. ఇరవై ఏళ్లు నిలిచే బట్టని రాశారు కదా, ఆ మాట నిలబడేది ఈ కుండ దగ్గరే.

ఇక అసలు సంగతి. దీనికి ఒక పేజీ పడుతుంది, విసుక్కోకుండా చదువు.

ఒకసారి మేం రెండు వందల చున్నీలకు ఆర్డరు ఒప్పుకున్నాం. ఉత్తరాది దుకాణం, గడువు నవంబరు ఇరవై. వాళ్లకది పెళ్లిళ్ల సీజను. మనకది కార్తీకం. ఈశాన్య రుతుపవనం మన నెత్తిన కూర్చునే నెల. ఒక్కో చున్నీ కనీసం నాలుగైదు సార్లు ఉతుకూ ఎండా చూడాలి. స్వర్ణముఖి ఏట్లో ఎర్ర బురద నీళ్లు పారుతున్నాయి, ఎండ లేదు. కరక్కాయ, పాలు పట్టిన బట్టలు ఆరక బూజు చుక్కలు పడ్డాయి. తేదీ దగ్గర పడేకొద్దీ మేం తొందర పెట్టాం. ఎరుపు రావాల్సిన చోట పటిక రాసి కనీసం ఒక రోజంతా ఆరనివ్వాలి. మేం పూటకే ఉతికించాం, అదీ ఏట్లో కాదు, సిమెంటు తొట్లలో.

నిలవ నీళ్లలో ఏమవుతుందంటే, బట్టను పట్టుకోని పటిక కరిగి, కొట్టుకుపోకుండా మళ్లీ బట్ట మీదే అన్ని చోట్లా కూర్చుంటుంది. కంటికి కనబడదు. తర్వాత ఎర్ర రంగిచ్చే మంజిష్ఠ వేరులో ఉడికిస్తే పటిక ఉన్న చోటల్లా ఎరుపు పడుతుంది. అట్ల తెల్లగా ఉండాల్సిన నేలంతా, అంటే బొమ్మ లేని బట్టంతా, గులాబీ రంగు తిరిగింది. దాన్ని పేడ, ఎండలతో తెల్లగా చేయొచ్చు, కానీ ఎండేదీ? కొందరు బ్లీచింగ్ పౌడరు కొట్టారు. నేల తెల్లబడింది, నలుపు వెలిసింది, నూలు పుచ్చిపోయింది. అరవై మూడు చున్నీలు తిరిగొచ్చాయి.

అంతవరకూ అది చేతగానితనం. తప్పు ఆ తర్వాత జరిగింది. తిరిగొచ్చిన చున్నీలకు కూలి కోసేశాం. కాగితం మీద సబబుగానే కనిపించింది: ముక్కకింత, పాసైతేనే డబ్బు. గడువు ఒప్పుకున్నది మేం, తొట్లు పెట్టించింది మేం. కోత మాత్రం గీసిన చేతికి పడింది. అందరికన్నా సన్నగా గీత తీసే ఆవిడ ఆ వారం ఇచ్చినంత తీసుకొని, లెక్క కూడా అడగలేదు. మళ్లీ రాలేదు. ఆమె కూతురు ఇప్పుడు రేణిగుంట వైపు ఫ్యాక్టరీకి పోతుంది, నెల జీతం వస్తుంది, మంచిదే. ఆ గీత మాత్రం మాకు మళ్లీ దొరకలేదు.

రాణా ప్లాజా గురించి మీరు మొదటి పేజీలోనే రాశారు. 2013 ఏప్రిల్ 24, బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్, బట్టల ఫ్యాక్టరీలున్న ఆ భవనం కూలి 1,134 మంది పోయారు. ముందు రోజే గోడలు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు వాళ్లు ఖాళీ చేశారు, కుట్టు మిషన్ల వాళ్లను మాత్రం మళ్లీ పనికి పిలిచారు. ఆర్డరు గడువులు, జీతం పోతుందన్న భయం, రెండూ కలిసి వాళ్లను ఆ మెట్లు ఎక్కించాయి. మన చున్నీలకూ దానికీ పోలిక లేదు తల్లీ, తెలుసు. కానీ మీ ఆర్డరు కాగితంలో కూడా ఆ రెండు గళ్లే ఉన్నాయి: తేదీ, కోత. మీ విలువలన్నీ ఆ రెండు గళ్లలో ఏం రాస్తావన్న దాని మీదే ఉంటాయి.

కాబట్టి ఇట్ల రాయి. కూలి రోజుకు, ముక్కకు కాదు. పటిక ఉతుకయ్యాక, ఉడికించే ముందే, మీలో ఒకరు బట్ట చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత చెడితే నష్టం మీది. పదిలో ఒకటి పోతుందని ముందే ధరలో కలుపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉతుకు పని పెట్టుకోవద్దు. ఆ నెలల్లో బొగ్గుతో బొమ్మ, కుట్టుపని, లెక్కలు. ఎండ పని సంక్రాంతి తర్వాతే. ఏట్లో నీళ్లు లేనప్పుడు బోరు నీళ్లు వాలు కాలువలో పారించు, తొట్టి వద్దు. ఆ నీళ్లలో ఇనుము ఉంటే పసుపు మసకబారుతుంది, ముందు చిన్న ముక్క ఉతికి చూడు.

ధర వేయడం ఇట్ల. రోజుకు 700 అనుకో. నిండా బొమ్మలున్న చున్నీకి నాలుగున్నర రోజులు, అంటే 3,150. బట్టా, కరక్కాయా, పాలూ, కట్టెలూ కలిపి 460. పదో వంతు నష్టం కలిపితే 3,971. అద్దె, మీ జీతాలు ఇంకా కలపనే లేదు. ఎవరు కొంటారని నువ్వు అడుగుతావు. అప్పుడు 700ను 500 చేయొద్దు. నాలుగున్నర రోజులను ఒకటిన్నర చెయ్యి. అంచుకే కలం పని పెట్టి మధ్యలో వదిలెయ్. అప్పుడు 1,661. తగ్గించేది పనిని, కూలిని కాదు.

అన్నట్టు "మొదటి రెండేళ్లు మేం జీతం తీసుకోం" అని రాసిందెవరు? నువ్వే అయ్యుంటావు. దాన్ని త్యాగం అనరు, లెక్క తప్పడం అంటారు. మూడో ఏడు మీకు ఇంటద్దె కట్టాల్సొచ్చినప్పుడు ఆ డబ్బు ఎవరి కూలిలోంచి వస్తుంది? మొదటి నెల నుంచే నాలుగు జీతాలూ ధరలో వెయ్. చేతిలో ఏడాది ఇంటి ఖర్చు లేకుండా రాజీనామా ఇచ్చావో, మీ అమ్మతో కలిసి నేనూ ఏడుస్తా.

అడ్వాన్సులు అడుగుతారు, బడి ఫీజులకూ ఆసుపత్రికీ. ఇవ్వు. వేరే పుస్తకంలో రాసి, వారం కూలిలో పావు కన్నా ఎక్కువ పట్టుకోకు. "ఇది తీరేదాకా ఇంకెవరికీ పని చేయకూడదు" అని మాత్రం నోట రానివ్వొద్దు. 1976లో నిషేధించిన వెట్టి అదే, నువ్వు దానికి ఎంత మంచి పేరు పెట్టినా.

సరిగ్గా తింటున్నావా? మీ అమ్మ చిక్కిపోయావంటోంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకొని రా, ఆ అయిదు మీటర్ల గాడా శాంపిలు కూడా తీసుకురా. కుండలో ఇనుము, బెల్లం డిసెంబరు ఇరవైకే వేసి పెడతా. మీరొచ్చే పొద్దుకు పులిసి ఉంటుంది.

మీ పెద్దమ్మ