ఆ గొంతుల లెక్క రాయి తల్లీ

అమ్మాయీ, ఆశీస్సులు.

బ్రిటన్ రాక్ బృందం టెన్‌సీసీ 1975 ఆల్బమ్ ‘ది ఒరిజినల్ సౌండ్‌ట్రాక్’ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ పాటలంటే నీకు ప్రాణమని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ‘అద్భుతం’ అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. కానీ ఒక్క పాటా నా చెవిన పడలేదు.

మొదటి పాట ఎనిమిది నిమిషాలకు పైగా సాగే చిన్న ఒపెరా. దానికి రెండు పేజీలిచ్చావు. ‘ఐయామ్ నాట్ ఇన్ లవ్’ని మాత్రం ‘మధురమైన ప్రేమగీతం’ అని ఒక్క లైనులో తేల్చేశావు. అక్కడ నా మనసు చివుక్కుమంది. ఆల్బమ్ మొత్తంలో పెద్ద సాహసం ఆ మెత్తటి పాటలోనే జరిగింది మరి.

మొదట దాన్ని బ్రెజిల్ బోసా నోవా పద్ధతిలో రికార్డు చేశారు. వాళ్లకే నచ్చక పక్కన పడేశారు. స్టూడియోలో పనిచేసేవాళ్లు మాత్రం ఆ బాణీ కూనిరాగం తీస్తూనే ఉన్నారు. అది బ్యాండులోని నలుగురిలో ఒకడైన ఎరిక్ స్టీవర్ట్ చెవిన పడింది. మళ్లీ మొదలుపెడదామంటే, ఈసారి పాటంతా గొంతుల మీదే కడదామన్నాడు బ్యాండులోనే ఉన్న కెవిన్ గాడ్లీ.

మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లో వాళ్ల స్ట్రాబెరీ స్టూడియో. గాడ్లీ, మిగతా ఇద్దరు సభ్యులు లాల్ క్రీమ్, గ్రాహం గౌల్డ్‌మన్ మైకు ముందు నిలబడి ‘ఆ...’ అంటూ ఒకే స్వరం పట్టారు. మళ్లీ అదే స్వరం, మళ్లీ అదే. ముగ్గురూ పదహారుసార్లు పాడితే ఒక్క స్వరానికి 48 గొంతులు. అలా 13 స్వరాలకు 624. ఒక్కో స్వరం ఉన్న టేపు ముక్కను కొస కొస అతికించి చుట్టలా చేశారు. అది మెషిన్‌లోంచి బయటికొచ్చి, ఒక మైకు స్టాండును చుట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లేది. తర్వాత నలుగురూ మిక్సింగ్ బోర్డు మీద చేతులు వేసి, హార్మోనియం మెట్లు నొక్కినట్టు ఫేడర్లు, అంటే ఒక్కో స్వరం శబ్దాన్ని పెంచే తగ్గించే మీటలు, పైకీ కిందికీ జరిపారు. ఏ స్వరమూ పూర్తిగా ఆగిపోకూడదని ఫేడర్లు దిగే చోట అడుగున అడ్డంగా జిగురు టేపు అంటించారు. పాట ఆగినట్టుండే చోట కూడా గాలిలాంటి హోరు వినపడేది అందుకే.

ఇక సాహిత్యం. ప్రేమా గీమా ఏమీ లేదంటాడు పాటలోని మనిషి. గోడ మీద నీ ఫొటో పెట్టింది కూడా మరక కనపడకుండా ఉండటానికే అంటాడు. పైన ఒక మనిషి లేదు లేదంటుంటే కింద ఆరువందల గొంతులు ఉంది ఉందంటున్నాయి. నేను ఈ పాటను ప్రేమించేది దీనికే. నీ వ్యాసంలో ఇది కావాలి నాకు. బ్రిటన్‌లో నంబర్ వన్, అమెరికాలో రెండో స్థానం అన్న సంగతికి ఒక వాక్యం చాలు.

ఒపెరా పేజీలు సగానికి కోసెయ్యి. ఈ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మధ్యలో స్టూడియో సెక్రటరీ గుసగుసగా మాట్లాడే చోట జాగ్రత్తగా విను. ఆవిడ గొంతు వెనకాల ఏం వినపడిందో పది వాక్యాలు రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ మాస్టారు