సందేహాలు – సమాధానాలు: తూణీరాన్ని సంధించవచ్చా?

సందేహం: శ్రీరమణ గారి వర్ధంతికి మా కాలనీలో చిన్న సభ పెట్టుకుంటున్నాం. ఫ్లెక్సీ మీద 'అక్షర తూణీరాలు సంధించిన వ్యంగ రచయితకు నివాళి' అని వేయిద్దామనుకున్నాం. మాలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు 'తూణీరాన్ని ఎలా సంధిస్తారమ్మా?' అని అడ్డుపడ్డారు. అందరూ రాస్తున్న మాటే కదా, తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

సమాధానం: మాస్టారు చెప్పింది నిజమమ్మా. తూణీరం బాణం కాదు, బాణాలు పెట్టుకునే పొది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం 'తూణోపాసంగతూణీరనిషంగా ఇషుధిః' అంటూ వీటన్నిటినీ ఒకేచోట చెప్పింది. అన్నీ అమ్ములపొదికి పేర్లే. అమ్ము అంటే బాణం. పొది అనే మాట పల్లెల్లో పెరిగినవారికి కొత్త కాదు. మా చిన్నప్పుడు క్షవరం చేసే ఆయన చంకలో తోలు పొది ఉండేది. అరుగు మీద కూర్చుని దాన్ని విప్పితే కత్తి, కత్తెర, దువ్వెన, చిన్న అద్దం వరసగా బయటికొచ్చేవి. గడ్డం గీసేది కత్తి, పొది కాదు. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలబుట్ట కొన్నా తల్లో పెట్టుకునేది పూలనే గాని బుట్టను కాదు గదా. తూణీరమూ అంతే. వీపున కట్టుకుంటారు, అందులోంచి బాణం తీస్తారు, ఆ బాణాన్ని సంధిస్తారు.

ఇంతమంది ఎందుకు పొరబడుతున్నారంటే, 'అక్షర బాణం' లాంటి మాటలు మనకు బాగా అలవాటు. అక్షరమనే బాణం, రూపక సమాసం. అదే వరసలో 'అక్షర తూణీరం' కూడా అక్షరమనే ఏదో ఆయుధమని అనేసుకుంటున్నాం. ఇక్కడ విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి చెప్పే తీరు, అది కాదు. అక్షరాల యొక్క తూణీరం, అంటే అక్షరాలుండే పొది. షష్ఠీ తత్పురుషం.

మీరు అడగలేదు గాని, ఆ పేరులో ఇంకో అందం ఉంది. అది చెప్పకుండా ఉండలేను. సాక్షి ఎడిట్ పేజీలో శ్రీరమణ గారి కాలమ్ పేరు 'అక్షర తూణీరం'. ఆ పేరు వినగానే పురాణాలు తెలిసిన చెవికి 'అక్షయ తూణీరం' వినిపిస్తుంది. అరణ్యకాండలో అగస్త్యుడు రాముడికి విల్లుతోపాటు ఎన్ని బాణాలు తీసినా తరగని తూణీరాలిచ్చాడు. ఖాండవ దహనానికి ముందు అర్జునుడికి గాండీవంతోపాటు దొరికినవీ అలాంటివే. 'అక్షయ'లో య తీసి ర పెట్టండి, 'అక్షర' అయింది. అర్థమేమైనా చెడిందా? లేదు. క్షరం అంటే నశించేది, అక్షరం అంటే నశించనిది. ఒక్క అక్షరం మారి అమ్ములపొది కాస్తా కలంవాడి పొది అయింది, తరగకపోవడం మాత్రం అలాగే ఉంది. పేరడీలతో పేరు తెచ్చుకున్న రచయిత కాలమ్‌కి ఇంతకన్నా అమరిన పేరు నాకు తోచదు. ఆ కాలమ్ కోసమే పేపరు మధ్యలోంచి తెరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2023 జులై 19న ఆయన ఇదే ఊళ్లో కన్నుమూశారన్న వార్త విన్నాక చాలాకాలం ఆ పేజీ తిప్పినప్పుడల్లా వెలితిగా ఉండేది. అందుకే ఆ పేరును బాణంగా మార్చేస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక, మాస్టారి కన్ను తప్పించుకున్నదొకటి మీ వాక్యంలోనే ఉంది. 'వ్యంగ రచయిత' అని రాశారు. ఇది మొదటిదానికన్నా పెద్ద పొరపాటు. వ్యంగం అంటే అంగలోపం. మీరనుకున్నది వ్యంగ్యం. అది వ్యంజన, అంటే సూచించడం, నుంచి వచ్చింది. మాట పైకి చెప్పేది వాచ్యం, లోపల తోచేది వ్యంగ్యం. ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, చెప్పే పాత ఉదాహరణ 'సూర్యుడు అస్తమించాడు' అన్నది. అదే మాట పశువుల కాపరికి మందను ఇంటికి తోలమని, బ్రాహ్మడికి సంధ్య వార్చమని, దొంగకు పని మొదలుపెట్టమని వినిపిస్తుంది. మనం ఇప్పుడు వ్యంగ్యమంటే ఎత్తిపొడుపే అనుకుంటున్నాం గాని, అసలు కీలకం ఆ చెప్పకుండా చెప్పడంలో ఉంది. శ్రీరమణ గారి చురక తగిలినవాళ్లు కూడా నవ్వగలిగారంటే, ఆ గుణం వల్లనేనని నా నమ్మకం. వెటకారం చేసేవాడు వాచ్యంగానే తిట్టేస్తాడు.

మీ ఫ్లెక్సీకి ఇలా రాయించండి: 'అక్షర తూణీరం నుంచి వ్యంగ్య బాణాలు సంధించిన శ్రీరమణ గారికి నివాళి'. డీటీపీ చేసే అబ్బాయికి ఫోన్లో చదివి చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి. వకారం కింద యవత్తు ఎవరూ మరిచిపోరు, ఎగిరిపోయేది గకారం కిందిదే.