నెలసరి నొప్పికి మీల్ మేకర్ మందా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. నెలసరికి ముందు వారం రోజులు తలనొప్పి, రొమ్ముల్లో సలపరం ఉంటాయి. వచ్చాక మొదటి రెండు రోజులు విపరీతమైన కడుపునొప్పి. సోయా తింటే తగ్గుతుందని స్నేహితురాలు చెబితే, మూడు నెలలుగా రోజూ మీల్ మేకర్ తింటున్నాను. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకున్న అరగంటకు సోయా పాలు తాగుతున్నాను. తలనొప్పి కొంత తగ్గింది, కడుపునొప్పి తగ్గలేదు. పైగా ఈసారి నెలసరి రెండు రోజులు ఆలస్యమైంది. సోయాలో ఆడ హార్మోన్ ఉంటుందని, పిల్లలు పుట్టరని అమ్మ భయపడుతోంది. మానేయమంటారా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మానేయనక్కరలేదమ్మా, కానీ తాగే వేళ మార్చుకోవాలి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఆ 'అరగంట'. సోయా పేగులో థైరాయిడ్ మాత్ర ఒంటబట్టకుండా అడ్డుపడగలదు. మందు సరిగా అందక థైరాయిడ్ తగ్గితే నెలసరి తప్పవచ్చు, రక్తస్రావం పెరగవచ్చు. అందువల్ల మాత్రను మంచినీళ్లతో పరగడుపున వేసుకుని, సోయా పాలను కనీసం నాలుగు గంటల తరువాతకు, అంటే మధ్యాహ్నానికో సాయంత్రానికో జరపండి. ఈ మూడు నెలల అలవాటు సంగతి మీ డాక్టరుకు చెప్పి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోండి.

ఇక అమ్మగారి భయం. సోయాలో ఉన్నవి జెనిస్టీన్, డైడ్జీన్ వంటి ఐసోఫ్లేవోన్లు. ఇవి ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను పోలి, కణాల్లో అది అతుక్కునే చోట్లకు (గ్రాహకాలకు) బలహీనంగా అతుక్కుంటాయే తప్ప అవే ఆ హార్మోన్ కావు. అనేక ప్రయోగాలను కలిపి 2009లో చేసిన విశ్లేషణలో, నెలసరి వచ్చే వయసు స్త్రీలలో సోయా వల్ల ఈస్ట్రడియాల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్) స్థాయి మారలేదని, నెలసరి చక్రం మాత్రం సగటున ఒక రోజు పెరిగిందని తేలింది. కాబట్టి ఒకసారి రెండు రోజులు ఆలస్యమైనందుకు కంగారు పడనక్కరలేదు. రాత్రి షిఫ్టులు కూడా అంతపని చేస్తాయి.

మీకు తలనొప్పి తగ్గి కడుపునొప్పి తగ్గకపోవడం నాకు వింతగా లేదు. 2005లో వెలువడిన ఒక చిన్న ప్రయోగంలో, రోజుకు 68 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు తీసుకున్న 23 మంది స్త్రీలకు నెలసరికి ముందు వచ్చే తలనొప్పి, రొమ్ము నొప్పి తగ్గాయి. అయితే అందులో ఉత్తుత్తి మందు తీసుకున్నప్పుడూ మొత్తం బాధలు తగ్గాయన్నది మరువకూడదు. అదే ఏడాది జపాన్‌లో 19-24 ఏళ్ల 276 మందిని పరిశీలించినప్పుడు నెలసరి నొప్పికీ సోయాకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు; పీచు ఎక్కువగా తినేవారిలోనే నొప్పి కొంత తక్కువగా ఉంది. మరొక చిక్కు ఏమిటంటే, డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే, మరింత బలంగా పనిచేసే పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు. అందుచేత ఒకే గదిలో ఉండి ఒకే కూర తిన్న ఇద్దరికి ఫలితం ఒకేలా ఉండదు. మీ స్నేహితురాలు అబద్ధం చెప్పి ఉండరు, ఆవిడ పేగు వేరు.

నెలసరి నొప్పికి ప్రధాన కారణం గర్భసంచి లోపలి పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు. అవి కండరాన్ని బిగదీస్తాయి. దానిమీద పనిచేసేవి డాక్టరు రాసే మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు, పొత్తికడుపుపై వేడినీళ్ల సంచి. మీల్ మేకర్ కాదు.

మీల్ మేకర్‌ను మాంసకృత్తుల కోసం తినండి. పొడిగా 30 గ్రాములు, అంటే వేడినీళ్లలో నానితే చిన్న గిన్నెడు, తీసుకుంటే సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పీజీ వంటలో వాటిని ఉబ్బగానే పిండకుండా నేరుగా మసాలాలో వేసేస్తారు, అందుకే ఆ పచ్చివాసన. సోయాలోని ఫైటేట్లు ఇనుము ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి గనుక కూరపై నిమ్మరసం పిండుకుని, తిన్న వెంటనే టీ తాగడం మానండి.

రెండు రోజులు ఆఫీసు మానేసేంత నొప్పి మాత్రకు కూడా లొంగకపోయినా, నెలసరి లేని రోజుల్లోనూ నొప్పి వస్తున్నా, ఆ రోజుల్లో మలవిసర్జన వేళ నొప్పి ఎక్కువవుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతున్నా గైనకాలజిస్టును కలిసి స్కానింగ్ అవసరమేమో అడగండి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు) స్కానింగులో కనబడకుండా ఉండే వీలుంది గనుక, నొప్పి వచ్చిన తేదీలు, వేసుకున్న మాత్రలు, ప్యాడ్ల లెక్క రాసిన కాగితాన్ని వెంట తీసుకెళ్లండి.