సమాధానం: కోవూరు కంటే కనిగిరి తక్కువ ప్రమాదంలో ఉందని లెక్క ఎందుకొచ్చింది?

తమ్ముడూ, వాతావరణ మార్పు ముప్పు లెక్కలో నెల్లూరు దగ్గర కాలువల కింది కోవూరు పైన, వాన మీదే ఆధారపడ్డ మెట్ట ప్రాంతం కనిగిరి కింద వచ్చాయి, ఎక్కడ తప్పిందో తెలీట్లేదన్నావు. నీ షీటు చూశాను. సాగునీటి శాతాన్ని తిరగేయకుండా కలిపేశావు. తాకిడి (వరద, కరువు ఎంతగా తగులుతాయో), తట్టుకోలేనితనం (తగిలితే ఎంత నష్టమో) పెరిగితే ముప్పు పెరుగుతుంది. నీటి వసతిలాంటి తేరుకునే శక్తి పెరిగితే తగ్గుతుంది. ప్రతి సూచికనీ 0, 1 మధ్య కొలతకి తెచ్చాక, ఈ మూడో రకాన్ని 1 లోంచి తీసెయ్. పెన్నా మీది సోమశిల జలాశయం నీళ్లున్న కోవూరుకి అప్పుడు న్యాయం జరుగుతుంది.

అయితే కోవూరుని పూర్తిగా సేఫ్ అనుకోవద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. నారుమళ్లు మునిగితే కాలువ నీళ్లు ఏం చేస్తాయి? తాకిడిలో వరదని విడిగా పెట్టు.

ఇంకోటి, ఏడాది సగటు వాన వాడకు. మనకి అక్టోబరు–డిసెంబరు ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం కదా. నెల్లూరులో మూడు రోజుల్లో కుండపోతగా కురిసినా సగటు నిండుగానే కనిపిస్తుంది. 2.5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ వాన పడిన రోజులెన్ని, మధ్యలో వరుసగా ఎన్నాళ్లు ఎండిందో లెక్కపెట్టు. కంది పూతకొచ్చాక మూడు వారాలు చినుకు లేకపోతే ఏమవుతుందో కనిగిరి వైపు ఎవర్నడిగినా చెప్తారు.

నీటి వసతికి గుర్తుగా బోర్ల సంఖ్యనీ నమ్మొద్దు. కాగితం మీద బోరుంటుంది, చేలో నీళ్లు రాని ఒట్టి కేసింగ్ పైపు ఉంటుంది, మూతకి బండరాయి. అలాంటివి ఎన్నున్నాయో ఊళ్లో తిరిగి రాసుకో. జిల్లాల వారీ పోలికకి హైదరాబాద్‌లోని మెట్ట సాగు పరిశోధన సంస్థ క్రిడా 2013లో వేసిన, వ్యవసాయానికి వాతావరణ మార్పు ముప్పు చూపే అట్లాస్ ఉంది, కానీ మండలాల తేడా అందులో దొరకదు.