సముద్రపు పక్షుల కోసం పడవెక్కే ముందు: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

కెమెరాకి ఏ లెన్సు తెచ్చుకోవాలని అడిగావు. లెన్సు సంగతి తరవాత, ముందు నీ పొట్ట సంగతి చూద్దాం. చెన్నైలో కాసిమేడు రేవు దాటి కాసేపు గడిచేసరికి పడవలో ఎవరు పక్షుల్ని చూస్తారో, ఎవరు బకెట్‌ని చూస్తారో తేలిపోతుంది. పెద్ద పెద్ద లెన్సులు మోసుకొచ్చినవాళ్ళే ముందు పడకేస్తారు. చూపు ఎంతసేపూ ఆ చిన్న తెర మీదే ఉంటే తల తిరగక ఏమవుతుంది?

ముందురోజు రాత్రి పెరుగన్నం తిని పెందలాడే పడుకో. ఆఫీసు వాళ్ళు బిర్యానీకి పిలిస్తే వెళ్ళకు. వాంతులు రాకుండా వేసుకునే అవోమిన్ లాంటి మాత్ర తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే దండగ, ముందే వేసుకోవాలి. నీకు థైరాయిడ్ మాత్రలు కూడా ఉన్నాయి కాబట్టి ఎప్పుడు, ఎన్ని అన్నది మీ డాక్టర్‌ని అడుగు. కాస్త మగతగా ఉంటుంది, కంగారుపడకు. అలాగని ఖాళీ కడుపుతో ఎక్కొద్దు. రెండు ఇడ్లీలు తిను, సాంబారు మానెయ్. అల్లం మొరబ్బా జేబులో వేసుకో. పడవ మధ్యలో, ఇంజను పొగ తగలని చోట నిలబడి నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు పెట్టు. పక్షి కనపడ్డాకే బైనాక్యులర్ ఎత్తు. వాంతి వస్తే సిగ్గుపడక్కర్లేదు గానీ గాలి ఎటు పోతోందో చూసుకుని అటువైపు వంగు. ఎదురుగాలికి వంగితే వెనక నిలబడ్డవాళ్ళు జన్మలో నిన్ను మర్చిపోరు.

ఇంకో మాట. ఇది ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చెప్పాలి. మన చేపల పడవల్లో చాలావాటికి టాయిలెట్ ఉండదు. ఆ భయంతో ముందురోజు నుంచే నీళ్ళు తాగడం మానేసే అమ్మాయిల్ని చూశాను. ఎండలో నీళ్ళు లేక తలనొప్పి పట్టుకుంటుంది, దాని వెనకే వాంతులు. నువ్వు ఆ పని చెయ్యకు. పడవలో ఏం ఏర్పాటుందో గైడ్‌ని ముందే అడుగు. అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదిది. ఇంకో ఆడమనిషి వస్తోందేమో కనుక్కో. ముదురు రంగు పాత దుప్పటి ఒకటి పట్టుకెళ్ళు. పడవ వెనక భాగంలో ఒకరు అడ్డం పట్టుకుంటే పనైపోతుంది. పడవవాళ్ళు ఆ కాసేపూ అటు తిరిగి నిలబడతారు, వాళ్ళకి చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు అన్నావు, మంచిదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన వైపు మరపడవలకి వేట నిషేధం, ట్రాలర్లన్నీ రేవులోనే కట్టేసి ఉంటాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే ఇక డిసెంబరు దాకా తుఫాన్ల భయమే. ఆ రెండింటి మధ్య ఉన్న కాలం మనది. పక్షులకీ అదే కాలం. భూగోళం కిందివైపు చలికాలం కావడంతో అక్కడ గూళ్ళు పెట్టే పక్షులు కొన్ని మే నుంచి సెప్టెంబరు దాకా మన సముద్రాల్లో తిరుగుతాయి.

డబ్బు కట్టే ముందు గైడ్‌ని లైఫ్ జాకెట్లు తలకొకటి ఉన్నాయా అని అడుగు. వైర్‌లెస్ పనిచేస్తుందా, ఎంతదూరం వెళ్తారు, వాతావరణం బాగోకపోతే డబ్బు వెనక్కిస్తారా, ఇవీ కనుక్కో. చివరి ప్రశ్నకి నసిగేవాడితో వెళ్ళకు. అలాంటివాడు ఆ రోజు సముద్రం ఎలా ఉన్నా బయల్దేరదీస్తాడు. ఆధార్ నకలు అడిగితే ఇచ్చెయ్. 2008 ముంబయి దాడుల తరవాత పడవల మీద నిఘా పెరిగింది. ముందురోజు నువ్వు కూడా హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు ఇచ్చే సముద్ర సూచన చూసుకో, అలల ఎత్తు అందులో ఉంటుంది. రెండు మీటర్లు దాటుతుందని ఉంటే నేనైతే దుప్పటి ముసుగేసి పడుకుంటాను. చీకటితోనే బయల్దేరడం ఎందుకంటే, మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేచి నీళ్ళు గరుకెక్కుతాయి.

రేవు దగ్గర గరుడపక్షులు కనిపిస్తాయి, ఒడ్డుకి కాస్త దూరంలో క్రెస్టెడ్ టర్న్‌లు, అంటే తల మీద జుట్టున్న సముద్రపు పక్షులు. వాటి మీద ఫిల్ము తగలెయ్యకు. ఈ రోజుల్లో ఫిల్ము లేదు సరే, ఓపిక తగలెయ్యకు. ఆ తరవాత చాలాసేపు ఏమీ ఉండదు. కొత్తవాళ్ళకి ఇక్కడే విసుగొస్తుంది, ‘మోసపోయాం’ అనుకుంటారు. నువ్వు ఆ సమయంలో నీళ్ళ రంగు చూడు. ఒడ్డు దగ్గర ఆకుపచ్చగా మట్టిమట్టిగా ఉన్నవి పోనుపోను నీలమవుతాయి. సముద్రం అడుగు కొంతదూరం మెల్లగా దిగి, దాదాపు 200 మీటర్ల లోతు దగ్గర గట్టు తెగినట్టు వేల మీటర్లకి జారిపోతుంది. అలాంటి అంచుల దగ్గర అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకి లేచినప్పుడు చిన్న జీవులు పోగవుతాయి, వాటికోసం చేపలు, చేపలకోసం పక్షులు. నీ పడవ అక్కడిదాకా వెళ్ళినా వెళ్ళకపోయినా, టర్న్‌లు ఒకచోట గుమిగూడి మునుగుతున్నాయంటే కింద ట్యూనా చేపలు చిన్న చేపల్ని పైకి తరుముతూ ఉండొచ్చని గుర్తు. పడవవాళ్ళు నీకంటే ముందే చూస్తారు. వాళ్ళకి అది బతుకుతెరువు.

ఇప్పుడు అసలు విషయం. ఒడ్డు మీద పిట్టల్ని నువ్వు రంగుతో గుర్తుపడతావు. అక్కడ రంగు పనికిరాదు. అన్నీ నల్లగానో గోధుమగానో ఉంటాయి, వెలుతురేమో నీళ్ళ మీంచి ఎగిరి కళ్ళల్లో పడుతుంది. ఎగిరే తీరు చూడు. షియర్‌వాటర్ అనే పక్షి రెక్కలు బిగబట్టి, అల వెనక్కి దిగి, పైకి లేచి, ఒక పక్కకి ఒరిగి మళ్ళీ దిగుతుంది. నీటి దగ్గర గాలి నెమ్మది, పైన వేగం. ఆ తేడాని వాడుకునే అది రెక్క ఆడించకుండా అంతదూరం పోతుంది. గాలి బొత్తిగా లేని రోజు అదే పక్షి పాపం ఆయాసపడుతూ రెక్కలు కొట్టుకుంటుంది. వెడ్జ్‌టెయిల్డ్ రకానికి తోక పొడుగు, ఒళ్ళు సన్నం, ఎగరడం తీరిగ్గా. ఫ్లెష్‌ఫుటెడ్ రకం బరువైనది, ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నలుపు. ముక్కు కనపడిందా, గొడవ లేదు.

టర్న్‌లలో బ్రైడిల్డ్, సూటీ రెండింటి దగ్గరా అందరూ తికమకపడతారు. నుదుటి తెలుపు కన్ను దాటి వెనక్కి కనుబొమలా సాగితే బ్రైడిల్డ్, కన్ను దగ్గరే ఆగితే సూటీ. తేలే దుంగ మీదో, థర్మోకోల్ ముక్క మీదో నిలబడి ప్రయాణం చేస్తుంటే మాత్రం బ్రైడిల్డ్ అనే ముందు అనుకో. సూటీ నీళ్ళ మీద వాలడమే అరుదు, పిల్ల ఎగరడం నేర్చి వెళ్ళాక ఏళ్ళ తరబడి గాలిలోనే గడుపుతుందంటారు. టర్న్ ఒకటి ఉన్నట్టుండి మెలికలు తిరుగుతూ పారిపోతుంటే వెనక స్కువా అనే దొంగపక్షి ఉందేమో చూడు. బాకీ వసూలుకొచ్చినవాడిలా వెంటబడి, నోట్లో చేప వదిలేదాకా ఊరుకోదు. పొమరైన్ స్కువాకైతే తోక మధ్య ఈకలు గరిటెల్లా మెలిపెట్టి ఉంటాయి, విరిగిపోకుండా ఉంటే.

విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ కనపడితే మిగతావన్నీ వదిలెయ్. పిచ్చుక కంటే కాస్త పెద్దది, బరువు 40 గ్రాముల లోపే. అంటార్కిటికా తీరాల్లో, ఆ చుట్టుపక్కల దీవుల్లో గూడు పెట్టి ఇంతదూరం వస్తుంది. ఒళ్ళంతా నలుపు, నడుం మీద తెల్లటి పట్టీ, అది పక్కలకి కూడా తిరిగి ఉంటుంది. రెక్కలు పైకెత్తి, కాళ్ళు వేలాడేసి నీటి మీద టపటపా తడుతూ, అంగుళం కూడా మునగకుండా ముక్కుతో ఏదో ఏరుకుంటుంది. ఎగిరేటప్పుడు కాలివేళ్ళు తోక దాటి బయటికొస్తాయి, అది చూడు. కొందరు గైడ్లు చేపనూనె, కవళ్ళ ముక్కలు నీళ్ళలో పోస్తారు. ఈ పక్షులకి వాసన బాగా తెలుస్తుంది, ఎక్కడినుంచో గాలికి ఎదురెగిరి వస్తాయి. ఆ డబ్బా మూత తీసేటప్పుడు నువ్వు మాత్రం గాలి వచ్చే వైపు నిలబడు.

ఎవరైనా ‘రెండు గంటలు!’ అని అరిస్తే వాచీ చూసుకోకు. పడవ ముక్కు పన్నెండు, వెనక భాగం ఆరు, దాన్నిబట్టి తిరుగు. నీకు కనపడినా అలాగే కేకెయ్, పేరు తెలియకపోయినా పరవాలేదు. ఫోటో తీసి పేరు తరవాత తేల్చుకోవచ్చు. ఫోటో కోసం అందరినీ తోసుకుని ముందుకెళ్ళేవాళ్ళు ప్రతి పడవలోనూ ఒకరుంటారు, అది నువ్వు కాకుంటే చాలు. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో వేసేటప్పుడు మొత్తం రోజుకి ఒక్క జాబితా వెయ్యకు, గంటకొకటి వెయ్. పడవ కదులుతూనే ఉంటుంది, ఏ పక్షి ఎక్కడ కనపడిందో తెలియకపోతే ఆ లెక్క ఎవరికీ ఉపయోగపడదు.

లెన్సు 100-400 మిల్లీమీటర్లది చాలు. బైనాక్యులర్ ఎనిమిదింతలదే తెచ్చుకో, పదింతలది ఊగే పడవలో నిలవదు. నీ దగ్గరున్నది పదింతలదే కదా, నాది పట్టుకెళ్ళు. పట్టీ పాతబడింది, మార్పించు. ఇంటికొచ్చాక ముందు తడిబట్టతో ఉప్పు తుడిచి, ఆ తరవాతే పొడిబట్ట వెయ్, లేకపోతే అద్దం గీసుకుపోతుంది. వేళచ్చేరి నుంచి తెల్లవారుజామున ఒక్కదానివీ కాసిమేడు దాకా రావద్దు. ముందురోజు సాయంత్రమే పెరంబూరు వచ్చెయ్, ఇక్కడినుంచి దగ్గర. మీ పెదనాన్న స్కూటర్ మీద దింపుతానంటున్నారు, వద్దని ఆటో మాట్లాడాను.

పెద్దమ్మ